తెరపై నిండుకుండ.. కడలి అడుగున వేరే లెక్క

గ్యాస్ నిల్వల అంకెలు పుట్టేది కంప్యూటర్ నమూనాల్లోనే
కేజీ-డీ6లో 10 లక్షల కోట్ల ఘనపుటడుగుల అంచనా మూడుకు కుదింపు
మూలనపడిన విద్యుత్ కేంద్రాలు, తీరని సరిహద్దు వివాదం

కాకినాడ: సామర్లకోట వద్ద 2,400 మెగావాట్ల సామర్థ్యంతో రిలయన్స్ పవర్ తలపెట్టిన గ్యాస్ విద్యుత్ కేంద్రం వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టకుండానే మూలనపడింది. అందులోని యంత్రాల్లో కొంత భాగం బంగ్లాదేశ్‌కు తరలిపోయింది. కడియం మండలం వేమగిరిలో 768 మెగావాట్ల జీఎంఆర్ రాజమండ్రి ఎనర్జీ కేంద్రం గ్యాస్ అందక అప్పుల్లో కూరుకుపోగా, 2016లో బ్యాంకులు అప్పులో కొంత భాగాన్ని వాటాలుగా మార్చుకుని 55 శాతం యాజమాన్యాన్ని చేతిలోకి తీసుకున్నాయి. కోనసీమలో దేవరపల్లి వద్ద ఉన్న గ్యాస్ విద్యుత్ కేంద్రం దివాలా ప్రక్రియ వరకు వెళ్లింది.

వీటికి కావలసిన ఇంధనం మన తీరానికి ఎదురుగానే, సముద్రం అడుగున పుష్కలంగా ఉందని ఒకప్పుడు అంకెలు చెప్పాయి. ఆ అంకెలను నమ్మి బ్యాంకులు అప్పులిచ్చాయి. కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ వరకు సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టపు మార్గం పడింది. తరువాత అంకె మారింది. ఎవరు మోసం చేశారు, ఎవరు దాచారు అన్న చర్చ పదిహేనేళ్లుగా నడుస్తూనే ఉంది. అసలు ఆ అంకె ఎలా తయారవుతుందన్నది మాత్రం ఈ జిల్లాల్లో చర్చకు రాలేదు. సముద్రం కింద కిలోమీటర్ల లోతున ఉన్న గ్యాస్‌ను ఎవరూ తూచి చూడలేరు. అది భూగర్భ శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో కట్టే ఒక నమూనా నుంచి వచ్చే ఫలితం. నమూనా ఎలా కడతారో తెలిస్తే, అంకెను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

జానెడు బావి.. జిల్లా అంత బ్లాకు

కేజీ-డీ6 బ్లాకు విస్తీర్ణం 7,645 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా విస్తీర్ణం 10,807 చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు ముప్పాతిక జిల్లా. నిక్షేపం ఉన్న చోట తవ్వే బావి వ్యాసం జానెడుకు మించదు. జానెడు రంధ్రాలు కొన్ని తవ్వి, వాటి మధ్య కిలోమీటర్ల మేర ఏముందో చెప్పవలసి ఉంటుంది. లంక భూముల్లో బోరు వేసిన రైతుకు ఈ కష్టం కొత్త కాదు. ఒకరి బోరులో తియ్యటి నీరు పడుతుంది, గట్టు అవతల వాడికి ఉప్పు నీరు తగులుతుంది. అక్కడ లోతు వంద రెండు వందల అడుగులు. ఇక్కడ ముందు వందల మీటర్ల నీరు, దాని కింద మళ్లీ వేల అడుగుల మట్టి, ఇసుక.

బావుల మధ్య ఖాళీని పూరించేందుకు మొదటి ఆధారం ధ్వని. ఓడలు నీటిలో పీడన గాలితో శబ్దం పుట్టించి, అడుగున పొరలను తాకి తిరిగివచ్చే ప్రతిధ్వనిని కిలోమీటర్ల పొడవున్న తీగలతో పట్టుకుంటాయి. దీన్నే సీస్మిక్ సర్వే అంటున్నారు. గ్యాస్ నిండిన ఇసుక పొర ప్రతిధ్వనిని గట్టిగా పంపుతుంది కనుక తెరపై మెరుస్తూ కనిపిస్తుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో అన్వేషకులను ఆకర్షించినవి ఈ మెరుపులే. అయితే ఇందులో ఒక చిక్కుంది. పొర నిండా గ్యాస్ ఉన్నా మెరుస్తుంది, నీటిలో కొద్దిపాటి గ్యాస్ కలిసి ఉన్నా దాదాపు అలాగే మెరుస్తుంది. పైగా ధ్వని కొన్ని మీటర్ల మందం ఉన్న పొరలను విడివిడిగా చూపలేదు. పలుచని ఇసుక, పలుచని బంకమన్ను ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉంటే అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి పని సాఫ్ట్‌వేర్‌లో సాగుతుంది. ప్రపంచంలో ఎక్కువ కంపెనీలు వాడే పెట్రెల్ అనే సాఫ్ట్‌వేర్ నార్వేలో పుట్టి, తరువాత ష్లంబర్జర్ చేతికి వచ్చింది. పేరు ఏదైనా పని వరుస దాదాపు ఒక్కటే. ప్రతిధ్వని తిరిగివచ్చిన సమయాన్ని లోతుగా మార్చాలి. ధ్వని ఏ పొరలో ఎంత వేగంతో ప్రయాణించిందన్న అంచనా తప్పితే పొర ఎత్తు పల్లాలే మారిపోతాయి. తరువాత పొరల పైకప్పులు, పగుళ్లు గీసి ఒక చట్రం కడతారు. ఆ చట్రాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడి యాభై లేక వంద మీటర్ల పొడవు వెడల్పులతో, ఒకటి రెండు మీటర్ల మందంతో ఉండవచ్చు. ఒక క్షేత్రానికి ఇలాంటి గళ్లు లక్షల నుంచి కోట్ల వరకు ఉంటాయి.

ప్రతి గడికీ సాఫ్ట్‌వేర్‌కు సమాధానం కావాలి. అది ఇసుకా, బంకమన్నా? ఇసుకైతే రేణువుల మధ్య ఖాళీ ఎంత? ఆ ఖాళీలో నీరెంత, గ్యాస్ ఎంత? గ్యాస్ ఆ గడి నుంచి పక్క గడికి పారగలదా? కోట్ల గళ్లలో బావి తాకినవి కొన్ని వందలో, కొన్ని వేలో. మిగిలినవన్నీ అంచనాతో నింపవలసినవే. ఒక చోట కనిపించిన ఇసుక ఎంత దూరం వరకు అదే గుణంతో ఉంటుందన్న ఒక గణాంక సూత్రం పెట్టి, కంప్యూటర్ యాదృచ్ఛికంగా గళ్లను నింపుతుంది. వంద మీటర్లు అని పెడితే ఒక నమూనా, కిలోమీటరు అని పెడితే ఇంకో నమూనా. రెండూ బావుల దగ్గర సరిగ్గానే ఉంటాయి. బావులు లేని చోటనే తేడా.

ఆఖరున గ్యాస్ పరిమాణం కట్టడానికి గుణకారం సరిపోతుంది. పొర మొత్తం ఘనపరిమాణాన్ని అందులో ఇసుక శాతంతో, ఇసుకలో ఖాళీ శాతంతో, ఖాళీలో గ్యాస్ శాతంతో గుణిస్తారు. అడుగున పీడనం కింద నలిగి ఉన్న గ్యాస్ పైకి వస్తే ఎంత ఉబ్బుతుందో దాన్ని కలుపుతారు. ఉదాహరణకు 100 పాళ్ల పొరలో ఇసుక 60 శాతం, ఖాళీ 25 శాతం, గ్యాస్ 70 శాతం అనుకుంటే 10.5 పాళ్లు వస్తుంది. ఇసుక 40, ఖాళీ 22, గ్యాస్ 60 శాతం అనుకుంటే 5.3 పాళ్లే. ఒక్కో అంకెలో మార్పు పెద్దదిగా తోచదు, ఫలితం సగానికి పడింది. ఈ రెండో లెక్క వేసినవాడు నిరాశావాది అనీ, మొదటిది వేసినవాడు అబద్ధీకుడు అనీ చెప్పడానికి లేదు. సమాచారం కొద్దిగా ఉన్న దశలో రెండూ సాధ్యమే.

అందుకే నిపుణులు ఒకే అంకె చెప్పరు, చెప్పకూడదు. నూటికి తొంభై పాళ్లు ఇంతకు తగ్గదన్నది ఒకటి, సగం సగం అవకాశం ఉన్నది ఒకటి, నూటికి పది పాళ్లు మాత్రమే దాటే అవకాశం ఉన్నది ఒకటి, ఇలా మూడు అంకెలు చెబుతారు. విలేఖరుల సమావేశానికి వచ్చేసరికి మూడు కాస్తా ఒకటవుతుంది. ఏ ఒకటో చెప్పనక్కరలేదు.

వంద నమూనాలు.. ఊహ ఒక్కటే

ఈ పనులన్నింటినీ ఇప్పుడు ఒక గొలుసుగా కట్టి సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తున్నారు. దాన్ని వర్క్‌ఫ్లో అంటారు. కొత్త బావి తవ్వగానే దాని కొలతలు మొదట్లో చేరిస్తే చాలు, పొరల పటం నుంచి గ్యాస్ పరిమాణం వరకు గొలుసు మొత్తం తిరిగి నడుస్తుంది. ఒకప్పుడు నెలలు పట్టిన పని రోజుల్లో పూర్తవుతుంది. ఏ దశలో ఏ అంకె వాడారో నమోదై ఉంటుంది కనుక తరువాత వచ్చినవారు తనిఖీ చేయగలరు. ఇది చిన్న ప్రయోజనం కాదు. గీసిన పటాన్ని బీరువాలో పెట్టి, గీసినవాడు బదిలీ అయితే కారణం చెప్పేవారు లేని రోజులతో పోలిస్తే చాలా మెరుగు.

ప్రమాదం కూడా అక్కడే ఉంది. బటన్ నొక్కితే వంద నమూనాలు వస్తాయి. వందింటిలోనూ గ్యాస్ పది పన్నెండు పాళ్ల మధ్య ఉందని తేలితే, ఎంత గట్టి అంచనా అనిపిస్తుంది. కానీ ఆ వందా ఒకే ఊహ మీద నిలబడి ఉండవచ్చు. మెరుపులకూ మెరుపులకూ మధ్య మసకగా కనిపించే భాగంలోనూ ఇసుక ఉంది, అందులోని గ్యాస్ కూడా పారి బావికి చేరుతుంది అన్నది ఆ ఊహ అనుకుందాం. కంప్యూటర్ ఇసుక శాతాన్ని అటూ ఇటూ జరుపుతుంది. ఖాళీ శాతాన్ని జరుపుతుంది. ఊహను మాత్రం జరపదు, ఎందుకంటే దాన్ని జరపమని ఎవరూ చెప్పలేదు. ఊహ తప్పితే వంద నమూనాలూ కలిసి తప్పుతాయి. రంగురంగుల త్రిమితీయ చిత్రం చూసిన బ్యాంకు అధికారికి గానీ, మంత్రికి గానీ ఇది కనిపించదు. చిత్రం అందంగా ఉన్నకొద్దీ ప్రశ్నలు తగ్గడం లోక సహజం.

గోదావరి పాయల నీడలో

కేజీ-డీ6లో ధీరూభాయ్-1, 3 క్షేత్రాల ఇసుక ఎక్కడి నుంచో రాలేదు. లక్షల ఏళ్ల కిందట మన నదులు మోసుకొచ్చిన పూడిక సముద్రపు వాలు మీదుగా బురద ప్రవాహాలుగా జారి, అడుగున వాగులు కోసుకుని, ఆ వాగుల్లో ఇసుకను, గట్ల మీద పలుచని ఇసుక, బంకమన్ను పొరలను పరిచింది. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలి పాయలు పాయలుగా తిరిగినట్టే, సముద్రం అడుగున కూడా పాయలు ఒకదాన్నొకటి కోసుకుంటూ, వదిలేస్తూ మెలికలు తిరిగాయి. పాయ నడిమధ్య తవ్విన బావికి దట్టమైన ఇసుక, జోరుగా గ్యాస్. గట్టు మీద తవ్విన బావికి వేళ్లంత మందం పొరలు. ఒక పాయ ఇంకో పాయకు కలిసిందా, మధ్యలో బంకమన్ను అడ్డుపడిందా అన్నది పైనుంచి చూసి తేల్చడం కష్టం.

ఈ బ్లాకును కొత్త అన్వేషణ విధానం తొలి విడతలో 2000లో రిలయన్స్, దాని భాగస్వామి నికో దక్కించుకున్నాయి. 2002లో గ్యాస్ కనిపించింది. 2004లో ఆమోదం పొందిన ప్రణాళిక ప్రకారం రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తి, సుమారు 240 కోట్ల డాలర్ల ఖర్చు. 2006లో సవరించిన ప్రణాళికలో ఉత్పత్తి రెట్టింపై 8 కోట్లకు చేరింది, ఖర్చు మాత్రం సుమారు 880 కోట్ల డాలర్లకు ఎగబాకింది. వెలికితీయగల గ్యాస్ 10 లక్షల కోట్ల ఘనపుటడుగులకు పైగా ఉంటుందని అంచనా.

2009 ఏప్రిల్‌లో తాళ్లరేవు మండలం గాడిమొగలోని కేంద్రానికి గ్యాస్ చేరింది. అప్పటివరకు పనిలేక ఉన్న వేమగిరి, గౌతమి, కోనసీమ విద్యుత్ కేంద్రాలకు ఊపిరి వచ్చింది. 2010లో బ్లాకు మొత్తం ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. అదే శిఖరం. ఆ తరువాత దిగుడే తప్ప ఎక్కుడు లేదు. 2013 నాటికి కోటిన్నర లోపునకు పడిపోయింది. ఎరువుల కర్మాగారాలకు తొలి ప్రాధాన్యం ఇవ్వడంతో 2013 మార్చి నుంచి విద్యుత్ కేంద్రాలకు డీ6 గ్యాస్ పూర్తిగా నిలిచింది. అంతకు ఏడాది ముందే, 2012లో, దేశీయ గ్యాస్‌ను నమ్ముకుని కొత్త కేంద్రాలు తలపెట్టవద్దని కేంద్ర విద్యుత్ శాఖ హెచ్చరించింది. అప్పటికే సామర్లకోటలో పునాదులు లేచి ఉన్నాయి. వెలికితీయగల నిల్వల అంచనా అదే ఏడాది సుమారు 3 లక్షల కోట్ల ఘనపుటడుగులకు దిగింది. ధీరూభాయ్-1, 3 క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో శాశ్వతంగా మూతపడ్డాయి.

నమూనా తప్పిందని ఎలా తెలిసింది? దీనికి సైకిల్ ట్యూబు ఉదాహరణ సరిపోతుంది. ట్యూబులోంచి కొంత గాలి వదిలి, లోపలి ఒత్తిడి ఎంత తగ్గిందో చూస్తే ట్యూబు పెద్దదో చిన్నదో చెప్పవచ్చు. పెద్ద ట్యూబైతే ఒత్తిడి ఏమంత తగ్గదు, చిన్నదైతే వెంటనే పడిపోతుంది. గ్యాస్ క్షేత్రంలోనూ ఇదే పరీక్ష. ఎంత గ్యాస్ తీశారు, పీడనం ఎంత పడింది అన్న రెండు కొలతలతో బావులకు అందుబాటులో ఉన్న నిల్వ ఎంతో తేలుతుంది. ఇందులో ఊహల పాలు తక్కువ. డీ6లో పీడనం అనుకున్నదానికన్నా వేగంగా పడింది, బావుల్లోకి నీరు ముందుగా చొరబడింది. నమూనా సంతోషంగా చూపిన పెద్ద ట్యూబును బావులు అంగీకరించలేదు. ఉత్పత్తి ఏడాదికి ఏడాది ఎలా ఉండాలో నమూనా చెప్పినదానితో వాస్తవాన్ని పోల్చి, సరిపోయే వరకు నమూనాను దిద్దడం పరిపాటి. దిద్దిన కొద్దీ ఇక్కడ అంకె దిగుతూ వచ్చింది.

దీనికి రెండు కథనాలు ఉన్నాయి. నేల స్వభావం ఊహించినదానికన్నా జటిలంగా ఉందని కంపెనీ వాదన. 2012 ఏప్రిల్ నాటికి 31 బావులు తవ్వుతామని ప్రణాళికలో చెప్పి, 22 తవ్వి, 18 నుంచే ఉత్పత్తి చేశారని, ఉత్పత్తి తగ్గడానికి అదే కారణమని హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ వాదన. వాడకుండా మిగిలిన సదుపాయాల ఖర్చును రాబట్టుకోనివ్వబోమని ప్రభుత్వం అనగా, 2011లో కంపెనీ మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించింది. నిజానికి ఈ వాదన సారాంశం కూడా నమూనా గురించే. తవ్వని బావులు తవ్వి ఉంటే గ్యాస్ వచ్చేదా? పాయలు విడివిడిగా ఉంటే వచ్చేది, మసక భాగంలో గ్యాసే లేకపోతే వచ్చేది కాదు. గట్టి నమూనా లేకుండా ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. గ్యాస్ ఉంది కానీ తీయలేదా, అసలు లేనే లేదా అన్న తేడా సామర్లకోటలో అప్పులిచ్చిన బ్యాంకుకు కోట్లతో సమానం.

ఇరవై.. పదో వంతు

దీనికి పక్కనే, తక్కువ లోతు నీటిలో, గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2005 జూన్‌లో నాటి గుజరాత్ ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ కాకినాడ తీరంలోని బ్లాకులో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించారు. క్షేత్ర అభివృద్ధి ప్రణాళిక దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె పదో వంతు స్థాయికి దిగింది. చాలా లోతున, అధిక పీడనం, అధిక ఉష్ణోగ్రతల కింద బిగుసుకుపోయిన రాయి అది. ఖాళీల్లో గ్యాస్ ఉన్నా పారే దారి సన్నం. గుణకారంలో ఖాళీ శాతం ఒకటే చూసి, పారే గుణాన్ని వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. సంస్థ అప్పులు 2015 మార్చి నాటికి 19 వేల కోట్ల రూపాయలు దాటాయని కాగ్ నివేదిక 2016లో వెల్లడించింది. 2017లో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ సుమారు 120 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది.

ఇందులో మాటల గారడీ కూడా కొంత ఉంది. నేలలో ఉన్న గ్యాస్ వేరు, వెలికితీయగల గ్యాస్ వేరు, లాభసాటిగా తీసి అమ్మగల గ్యాస్ వేరు. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ఇంకా బావి తవ్వని ఆశను, తవ్వినా తీయడం ఖాయం కాని వనరును, ఖాయమైన నిల్వను వేర్వేరు గంపల్లో వేయాలి. తెలుగు వార్తల్లో మాత్రం అన్నిటికీ నిక్షేపాలు అన్న మాట ఒక్కటే. దాంతో 20 విన్న పాఠకుడికి 20 సిలిండర్లు వరండాలో ఉన్నట్టే తోచింది.

ఇసుకకు సరిహద్దు తెలియదు

నమూనా న్యాయస్థానం వరకు వెళ్లిన సందర్భం కూడా మన సముద్రంలోనిదే. డీ6 పక్కనే ఓఎన్‌జీసీ బ్లాకులు ఉన్నాయి. పటం మీద గీత గీసి బ్లాకులు పంచారు గానీ, పాయకు ఆ గీత తెలియదు. గీతకు ఇవతల ఒకరు బావి వేసి పీడనం తగ్గిస్తే, అవతలి గ్యాస్ ఇటు జరుగుతుంది. తన గ్యాస్ పక్క బావుల్లోకి వెళుతోందని ఓఎన్‌జీసీ 2013లో లేవనెత్తి, 2014 మేలో ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. నిగ్గు తేల్చే పనిని అమెరికాకు చెందిన డిగోల్యర్ అండ్ మెక్‌నాటన్ సంస్థకు అప్పగించారు. రెండు పక్షాల సీస్మిక్, బావుల సమాచారాన్ని ఒకే నమూనాలో చేర్చి, 2009 నుంచి ఉత్పత్తి, పీడనాల చరిత్రతో సరిపోల్చి, ఇసుక గీతకు అటూ ఇటూ కలిసే ఉందని ఆ సంస్థ 2015 నవంబరులో నివేదించింది. ఓఎన్‌జీసీ ప్రాంతం నుంచి సుమారు 1,110 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ తరలిందని లెక్కగట్టింది.

ఆ తరువాతి పరిణామాలు శరవేగంగా మలుపులు తిరిగాయి. జస్టిస్ ఏపీ షా కమిటీ 2016లో పరిహారం ఓఎన్‌జీసీకి కాక ప్రభుత్వానికి చెందుతుందని చెప్పింది. ప్రభుత్వం 155 కోట్ల డాలర్లు కట్టమని నోటీసు ఇచ్చింది. 2018లో మధ్యవర్తుల బృందం మెజారిటీ తీర్పుతో రిలయన్స్ పక్షాన నిలిచింది. 2023 మేలో ఢిల్లీ హైకోర్టు ఏక సభ్య ధర్మాసనం దాన్ని సమర్థించింది. 2025 ఫిబ్రవరి 14న అదే హైకోర్టు డివిజన్ బెంచ్ తిరగదోడింది. మార్చిలో డిమాండ్ నోటీసు 281 కోట్ల డాలర్లకు పెరిగింది. న్యాయపోరాటం కొనసాగిస్తామని కంపెనీ ప్రకటించింది.

గమనించదగ్గ విషయం ఏమంటే, ఇంత వివాదంలో ఎక్కువ చర్చ జరిగింది గ్యాస్ కదిలిందా లేదా అన్నదానిపై కాదు. కదిలిన గ్యాస్‌ను తీయడం ఒప్పందం ప్రకారం తప్పా కాదా అన్నదానిపై. ఇసుక ఎంతవరకు వ్యాపించి ఉందో తొలినాడే ఇరుపక్షాల సమాచారం కలిపి చూసి ఉంటే ఈ రెండో ప్రశ్న కూడా ముందే తేలేది. ఒక్కో కంపెనీ తన సీస్మిక్ సమాచారాన్ని తన గీత దగ్గరే ఆపేసి నమూనా కట్టుకుంటే, గీత అవతల ఏముందన్నది నమూనాకు తెలియదు. తెలియని దాన్ని అది గోడగా భావిస్తుంది. ఆ గోడ నేలలో లేదు.

ఇప్పుడు అడగవలసినవి

డీ6లో కథ ముగియలేదు. 2020 డిసెంబరులో ఆర్-క్లస్టర్, 2021 ఏప్రిల్‌లో శాటిలైట్ క్లస్టర్, 2023 జూన్‌లో ఎంజే క్షేత్రం ఉత్పత్తి మొదలుపెట్టాయి. మూడూ కలిసి రోజుకు సుమారు 3 కోట్ల ఘనపు మీటర్లకు చేరతాయని రిలయన్స్, బీపీ ప్రకటించాయి. ఆ తరువాతి త్రైమాసిక ఫలితాల్లో ఉత్పత్తి సహజంగా తగ్గుతోందన్న మాటా కంపెనీ నోటనే వస్తోంది. ఈసారి 8 కోట్లని చెప్పి 6 దగ్గర ఆగలేదు. అంచనాలు మునుపటికన్నా అదుపులో ఉన్నాయని ఒప్పుకోవాలి. మొదటి క్షేత్రం పదేళ్లు నేర్పిన పాఠాన్ని నమూనాలు కట్టేవారు గ్రహించారనే అనుకోవచ్చు. ఓఎన్‌జీసీ 98/2 బ్లాకు నుంచి 2020లో గ్యాస్, 2024 జనవరిలో చమురు రావడం మొదలైంది. అల్లవరం మండలం ఓడలరేవు తీరం దానికి కేంద్రం. జిల్లాల విభజన తరువాత ఒకే బేసిన్ కాకినాడ, కోనసీమ జిల్లాల ప్రకటనల్లో ముక్కలుగా కనిపిస్తున్నది గానీ, నేల కింద అది ఒక్కటే.

ఇకమీదట కొత్త నిక్షేపం ప్రకటన వచ్చినప్పుడు స్థానిక ప్రజాప్రతినిధులు, బ్యాంకులు, భూములిచ్చే రైతులు అడగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. అంకె నేలలో ఉన్నదా, వెలికితీయగలదా? తక్కువ, మధ్య, ఎక్కువ అంచనాలు మూడూ ఏవి? ఎన్ని బావుల ఆధారంగా చెబుతున్నారు? బావిలో గ్యాస్ పారించి పీడనం పరీక్షించారా, మెరుపు చూసి చెబుతున్నారా? కంపెనీతో సంబంధం లేని సంస్థ నమూనాను తనిఖీ చేసిందా? ఈ అయిదింటికీ జవాబు చెప్పడానికి ఏ వాణిజ్య రహస్యమూ బయటపెట్టనక్కరలేదు. వర్క్‌ఫ్లోలో ఇవన్నీ ముందే నమోదై ఉంటాయి, ముద్రించి ఇవ్వడమే తరువాయి.

నమూనా చెప్పేది పరిమాణం ఒక్కటే కాదు. ఏ లోతున పీడనం ఎంత ఉంటుందో కూడా అది చెబుతుంది. డ్రిల్లింగ్ బురద బరువును ఆ అంచనా మీదే నిర్ణయిస్తారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి ఎగదన్ని 65 రోజులు మండిన సంగతి కోనసీమ మరిచిపోలేదు. కనుక కొత్త బావికి అనుమతి ఇచ్చే ప్రజాభిప్రాయ సేకరణలో పీడనం అంచనా ఏమిటి, అది ఎంత తప్పే అవకాశం ఉంది అన్న ఆరో ప్రశ్న కూడా చేర్చడం న్యాయం. పచ్చని కొబ్బరి తోటల మధ్య రిగ్గు నిలబెట్టినప్పుడు ఆ సమాచారం ఊరికి తెలియకపోవడానికి కారణం కనిపించదు.

సమాచారాన్ని చదవగలవారు ఇప్పుడు మన మధ్యే ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ, భూభౌతిక శాస్త్ర శాఖలు ఏనాటి నుంచో ఉన్నాయి. కాకినాడ జేఎన్‌టీయూలో పెట్రోలియం ఇంజినీరింగ్ చదివిన పిల్లలు ఈ సాఫ్ట్‌వేర్‌తోనే ఉద్యోగాలు చేస్తున్నారు. విశాఖలో 2016లో పెట్రోలియం విద్యకే ప్రత్యేక జాతీయ సంస్థ వెలిసింది. జిల్లా యంత్రాంగం అడిగితే ఒక నివేదికను చదివి, రెండు పేజీల తెలుగులో వివరించడం వీరికి కష్టమేమీ కాదు. ఇప్పటివరకు ప్రకటన ఢిల్లీలోనో, ముంబయిలోనో వెలువడి, ఇక్కడికి వచ్చేసరికి పెట్టుబడి ఎంత, ఉద్యోగాలు ఎన్ని అన్న రెండు అంకెలే మిగులుతున్నాయి.

98/2 బ్లాకులో మిగిలిన బావులు, ఎంజే క్షేత్రం రాబోయే ఏళ్లలో చూపే పీడనం ఈ పరీక్షకు తొలి ఘట్టం కానున్నాయి. ఎంత తీశారు, పీడనం ఎంత పడింది అన్న రెండు కొలతలు ఏటా వెల్లడైతే, వేమగిరిలోని టర్బైన్లు మళ్లీ తిరిగే అవకాశం ఉందో లేదో ఎవరైనా కాగితం మీద లెక్క వేసుకోవచ్చు.